తక్కువ బరువుతో క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లకి ఏం గిఫ్ట్ ఇవ్వాలి? నాలుగు వస్తువులు వాడి చూశాను

అందరికీ నమస్తే. టేబుల్ మీదున్న ఈ బాక్స్ ఒక కంపెనీ వాళ్లు ఉచితంగా పంపించారు. వీడియోకి డబ్బులేమీ ఇవ్వలేదు, ఇలా చెప్పండి అని కూడా అడగలేదు. తక్కువ లగేజీతో క్యాంపింగ్ చేసేవాళ్లకి ఇవ్వదగిన గిఫ్టులు అని పైన రాసుంది. లోపల ఉన్నవి గాలి నింపి కింద పరుచుకుని పడుకునే స్లీపింగ్ ప్యాడ్, తలకి కట్టుకునే హెడ్‌ల్యాంప్, టైటానియం కప్పు, పవర్ బ్యాంక్. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటిని మళ్లీ చదవను. ఐదు రాత్రులు బయట వాడాక ఏమనిపించిందో అది చెబుతాను.

ఇలా తిరిగేవాళ్లకి గిఫ్ట్ కొనడం చాలా కష్టం అండీ. టూత్‌బ్రష్ కూడా తూకం వేసి పెట్టుకుంటారు. మా తమ్ముడు సరిగ్గా అదే రకం. పోయిన పుట్టినరోజుకి వాడికి పదమూడు పనిముట్లున్న మడత కత్తి ఇచ్చాను. ఎంతో సంతోషపడ్డాడు, కానీ ఒక్క ట్రెక్‌కి కూడా తీసుకెళ్లలేదు. ఎందుకురా అంటే, "అక్కా, నాకు బ్లేడు ఒక్కటి చాలు, మిగతా పన్నెండూ ఎందుకు మోయాలి?" అన్నాడు. అప్పటి నుంచి నా లెక్క ఒకటే. మనమిచ్చే వస్తువు బ్యాగులో ఉన్న ఒకదాన్ని తీయించి ఆ చోట్లో కూర్చోవాలి. అదనంగా చేరే బరువైతే ఇంట్లో అల్మరాలోనే ఉండిపోతుంది.

కప్పు బాగుంది. టైటానియం ఉక్కు కంటే చాలా తేలిక, అదే కప్పులో నీళ్లు కాచుకుని అందులోనే తాగేయొచ్చు, అంటే గిన్నె ఒకటి తగ్గినట్టే. అయితే టైటానియంలో వేడి సమానంగా పాకదు, చిక్కటివేవైనా వండితే మంట తగిలిన చోట మాడిపోతుంది. నీళ్లకైతే బంగారం. మీరు కొనేటప్పుడు ఒంటి గోడ కప్పే కొనండి. రెండు గోడల కప్పుని మంట మీద పెట్టకూడదు, మధ్యలో ఇరుక్కున్న గాలి వేడెక్కి కప్పు పగిలే ప్రమాదం ఉంది.

పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్, అంటే సుమారు 37 వాట్ అవర్లు. విమానంలో చేతి సామానులో పెట్టుకోవచ్చు, చెక్ ఇన్ బ్యాగులో మాత్రం పెట్టకండి. చలి రాత్రుల్లో స్లీపింగ్ బ్యాగులోకి తీసుకుని పడుకోండి, చలికి బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. దీని గురించి ఇంతే.

హెడ్‌ల్యాంప్ దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. దీనికి ఉన్నది ఒక్కటే బటన్. ఒకసారి నొక్కితే ఫుల్ తెల్ల లైటు, రెండోసారి కొంచెం తక్కువ, మూడోసారి ఇంకా తక్కువ, నాలుగోసారి నొక్కితే అప్పుడు ఎర్ర లైటు. అసలు ఎర్ర లైటు ఎందుకు పెడతారు? మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. తెల్ల లైటు ఒక్కసారి కళ్లలో పడితే ఆ అలవాటంతా పోతుంది. మసక ఎర్ర లైటుతో అంత పోదు, పక్కన పడుకున్నవాళ్లకీ ఇబ్బంది ఉండదు. మరి దాన్ని చేరుకోవడానికి మూడు తెల్ల లైట్లు దాటి రావాలంటే ఏం లాభం? రాత్రి మూడింటికి నీళ్ల బాటిల్ కోసం వెలిగించాను, టెంటంతా పట్టపగలైపోయింది. తమ్ముడు ఉలిక్కిపడి లేచాడు.

ఇంకోటి, లాక్ లేదు. బ్యాగులో బట్టల మధ్య బటన్ నొక్కుకుపోయి, సాయంత్రం తీసేసరికి అప్పటికే వెలుగుతోంది. నా పాత హెడ్‌ల్యాంప్‌కీ లాక్ లేదు, కానీ దాంట్లో విడి బ్యాటరీలు కాబట్టి ఒకదాన్ని తిరగేసి పెట్టేదాన్ని. దీంట్లో బ్యాటరీ లోపలే బిగించేశారు, ఆ దారి కూడా లేదు. దయచేసి ఇది ఎవరికీ గిఫ్ట్ ఇవ్వకండి. బటన్ రెండు సెకన్లు నొక్కిపట్టుకుంటే నేరుగా ఎర్ర లైటు వచ్చేది, లాక్ ఉన్నది చూసి తీసుకోండి.

ఇప్పుడు ప్యాడ్. దీనికోసమే ఈ వీడియో చేయాలనిపించింది. ఇదిగో, వాల్వ్ దగ్గరగా చూపిస్తాను. లోపల పలచటి రబ్బరు రేకు కనిపిస్తోందా? గాలి లోపలికి వెళ్తుంది, వెనక్కి రాదు. నా పాత ప్యాడ్‌కి ఉత్త బిరడా ఉండేది. ఊది ఊది కళ్లు తిరిగాక నోరు తీసి బిరడా పెట్టేలోపు మూడు ఊపిరిల గాలి బయటికి పోయేది. దీనికి వాల్వ్‌కి తగిలించే పంపు సంచి ఇచ్చారు. మూతి తెరిచి గాలిలో ఒకసారి ఊపి, మూతి చుట్టి నొక్కాలి. మూడున్నర సంచులకి ప్యాడ్ నిండిపోయింది. నోటితో ఊదం కాబట్టి ఊపిరిలో తేమ లోపలికి చేరదు, చలిలో అది చాలా పెద్ద విషయం.

చలికి మందపాటి స్లీపింగ్ బ్యాగ్ చాలనుకుంటారు చాలామంది. కానీ మన బరువుకి బ్యాగులో కింది వైపు మెత్తటి పొర నలిగిపోతుంది, నలిగితే అందులో వేడిని పట్టుకునే గాలి ఉండదు. నేల ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటుంది. దాన్ని ఆపేది ప్యాడే. ఎంత ఆపుతుందో చెప్పేది ఆర్ వాల్యూ. అంకె ఎక్కువైతే అంత వెచ్చన. ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రామాణిక పరీక్ష పద్ధతిలో కొలిచిన అంకెలైతే ఒక కంపెనీని ఇంకో కంపెనీతో పోల్చుకోవచ్చు. దీనికి 4.3 అని ఉంది. నా ఫోమ్ ప్యాడ్‌ది 2. రెండూ ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కూడుకోవచ్చు, 6.3 అవుతుంది. మూడో రాత్రి బయట బాటిల్లో నీళ్ల మీద సన్నటి మంచు పొర కట్టింది. నేను పక్కకి తిరిగి పడుకున్నా తుంటికి నేల తగల్లేదు, వీపు చల్లబడలేదు. తెల్లారేదాకా ఒక్కసారి కూడా లేవలేదు.

లోపాలు ఉన్నాయి. కదిలితే చిప్స్ ప్యాకెట్‌లా కొంచెం గరగరమంటుంది. పెట్టుకునే సంచి మరీ బిగుతు, పొద్దున్నే చేతులు కొంకర్లు పోతుంటే అందులో దూర్చడం ప్రాణాంతకం. నేను దాన్ని పారేసి పంపు సంచిలోనే చుట్టి పెడుతున్నాను, ఇరవై గ్రాములు కూడా తగ్గింది.

వచ్చే వారం తమ్ముడి పుట్టినరోజు. ఈ ప్యాడ్ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. వాడికి ఇలాంటిదే ఇంకోటి నా డబ్బులతో ఆర్డర్ పెట్టేశాను, వాడి పాత ప్యాడ్ ఇంట్లో దించేలాగ.