ప్రైమర్ అడుగుకు ఆనిందా: శ్రోతలతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. రైఫిల్ పోటీల కోసం తూటాలను ఇంట్లోనే నింపుకునే అమెరికా తెలుగువారి సందేహాలకు మన నిపుణులు ఈ రోజు సమాధానాలు ఇస్తారు. టెక్సస్ నుంచి ఒక శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. నాది 6.5 క్రీడ్‌మోర్ రకం తూటాల రైఫిల్. 100 గజాల దగ్గర గుళ్లన్నీ ఒకేచోట పడుతున్నాయి గానీ, 600 గజాలకు వెళ్లేసరికి నిలువుగా చెదిరిపోతున్నాయి. గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్‌లో ఒక తూటాకూ మరొక తూటాకూ సెకనుకు 40 అడుగుల దాకా తేడా వస్తోంది. తుపాకీ మందును ఎంత జాగ్రత్తగా తూచినా ఆ తేడా తగ్గలేదు.

నిపుణుడు: మొదటి దెబ్బకు పేలకుండా, తుపాకీ పిన్ రెండోసారి కొట్టినప్పుడు పేలిన తూటాలు ఏమైనా ఉన్నాయా?

శ్రోత: గత వారం రెండు అలా చేశాయండి. తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్లు నాసిరకమనుకున్నాను.

నిపుణుడు: వాటి మీద నేరం మోపేముందు మీరు వాటిని కూర్చోబెట్టిన తీరు చూడాలి. ప్రైమర్ గిన్నెలో పేలుడు మందు, దాని మీద మూడు లేదా రెండు కాళ్ల ఆన్విల్ ఉంటాయి. అది కమ్మరి దాగలి లాంటిదే, పిన్ కొట్టిన దెబ్బకు మందు దానికీ గిన్నెకూ మధ్య నలిగి మండుతుంది. ఆ కాళ్లు, కేసులో, అంటే తూటా గొట్టంలో, ప్రైమర్ కూర్చునే గుంట అడుగుకు ఆనకపోతే, పిన్ బలంలో కొంత ప్రైమర్‌ను లోపలికి నెట్టడానికే ఖర్చైపోతుంది. రెండో దెబ్బకు పేలడం సాధారణంగా దాని గుర్తే. పేలినవాటిలో కూడా మంట ఒకేలా పుట్టదు కనుక వేగం మారుతుంది. మీరు చెప్పిన 40 అడుగుల తేడా 100 గజాల దగ్గర కంటికి కనిపించదు. 600 గజాల దగ్గర మాత్రం సుమారు మూడు అంగుళాల ఎత్తు తేడాగా బయటపడుతుంది.

శ్రోత: అయితే ఎంత లోతుకు దించాలండి?

నిపుణుడు: కేసు అడుగు అంచుకంటే 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి అనేది వాడుకలో ఉన్న కొలత. అయితే ఈ కొలతను తనిఖీకే వాడండి, ఎందుకంటే గుంటల లోతు ఒక కేసుకూ ఇంకో కేసుకూ మారుతుంది. చేతితో నొక్కే పనిముట్టు వాడితే, కాళ్లు అడుగుకు తగిలి కాస్త బిగుసుకున్న సంగతి వేళ్లకే తెలుస్తుంది. అక్కడితో ఆగాలి, ఇంకా బలంగా నొక్కితే లోపలి మందు బిళ్ల పగలవచ్చు. గుంటలో పేరుకున్న మసిని ముందే గీకి తీయండి. గుంటలను సమం చేసే పనిముట్టు కొనమని చాలామంది చెబుతారు గానీ, నా ఉద్దేశంలో అది తర్వాతి మాట.

శ్రోత: నింపేసిన తూటాలు ఇంకా ముప్పై ఉన్నాయి. కొన్నింటిని బల్ల మీద నిలబెడితే ఊగుతున్నాయి. ఈ రాత్రికి వాటి ప్రైమర్లను మళ్లీ నొక్కేద్దామనుకున్నాను.

నిపుణుడు: ఆ పని చేయకండి. మందు, గుండు ఉన్న తూటాలో ప్రైమర్‌ను నొక్కితే చేతిలోనే పేలవచ్చు. గుండు ఊడదీసి, మందు పూర్తిగా వంపేసి, కంటి అద్దాలు పెట్టుకొని, ఖాళీ కేసులోనే సరిచేయండి. ప్రైమర్ బయటికి పొడుచుకొచ్చి అలా ఊగేవాటిని సెమీ ఆటోమేటిక్ తుపాకీలో వాడితే, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు మూసుకుంటూ ఉండగానే పేలే ప్రమాదం కూడా ఉంది.

శ్రోత: సరేనండి, ముప్పై తూటాలనూ విప్పేస్తాను.