ఏడో నెలకు పుట్టిన బిడ్డ ఒకటో తరగతికి వచ్చినప్పుడు

(ఆదోని ప్రాంతంలో స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అంగన్‌వాడీ అక్కలు కూడా వచ్చారు, చాలా సంతోషం. నేను చెప్పబోయేది మీ దగ్గరే మొదలవుతుంది.

నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేస్తాను. పోయిన ఏడాది రెండో తరగతి పిల్లవాడొకడిని మా దగ్గరికి తీసుకొచ్చారు. లెక్కలు రావు, ఒకటే పరధ్యానం అన్నారు. పలక మీద 27, దాని కింద 35 వేసి కూడమన్నాను. "ఏడూ ఐదూ పన్నెండు" అని టక్కున చెప్పి రెండు వేశాడు. కిటికీ వైపు చూశాడు. మళ్లీ పలక చూసి, "రెండూ మూడూ ఐదు" అంటూ 52 రాశాడు. చేతిలో ఉండాల్సిన ఒకటి జారిపోయింది. ఇంకో నాలుగు లెక్కలు ఇచ్చాను. ప్రతిసారీ అక్కడే పోయింది. వాడికి కూడిక వచ్చు. ఒక అంకెను మనసులో పట్టుకుని ఇంకో పని చేయడమే కష్టం.

వాళ్లమ్మను అడిగాను. "ఏడో నెలకే పుట్టినాడు మేడం, నెల పైనే బాక్సులో పెట్టినారు" అంది. బడిలో చేర్చేటప్పుడు ఆ సంగతి మనలో ఎవరూ అడగలేదు. అడగంది ఆమె మాత్రం ఎందుకు చెబుతుంది? రెండేళ్లు వాడిని మొద్దు కింద జమకట్టాం. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నిండు కాన్పు అంటే దాదాపు 40 వారాలు. 37 వారాల లోపు పుడితే నెలలు నిండని బిడ్డ. 32 లోపు అయితే మరీ ముందు పుట్టినట్టు. మెదడు మీద మడతలు చాలావరకు ఏర్పడేది ఆఖరి మూడు నెలల్లోనే. ఆ పని కడుపులో కాకుండా బాక్సులో, వెలుతురులో, సూదుల మధ్య జరుగుతుంది. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన ఊళ్లలో ఇంకా అంటారు. అది తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు మేలే.

బ్రిటన్, ఐర్లండ్‌లలో 1995లో 26 వారాల లోపే పుట్టిన పిల్లలను ఎపిక్యూర్ అనే అధ్యయనం పెద్దయ్యేదాకా గమనించింది. ఇలా ముందు పుట్టిన పిల్లల్లో చాలామంది అందరితో పాటే చదువుకుంటారు. ఇబ్బంది పడేవాళ్లకు ఎక్కువగా లెక్కల్లోనే వస్తుంది. ధ్యాస నిలవదు, కానీ అల్లరి చేయరు. అదే ప్రమాదం. కొట్లాడే పిల్లవాడి మీద మన కన్ను పడుతుంది. మూల కూర్చుని కిటికీలోంచి చూసేవాడు "మంచి పిల్లోడు" అయిపోతాడు.

ఇంకో చిక్కు వయసుది. ఆగస్టులో పుట్టాల్సిన బిడ్డ మేలో పుట్టాడనుకోండి. జూన్ 12న బడి తెరిస్తే వాడు వయసు నిండినవాడే. నెలలు నిండి పుట్టి ఉంటే ఆ రోజుకు వయసు నిండేదే కాదు. అలాగని ఏడాది ఇంట్లో ఆపమంటే నేను ఒప్పుకోను. జర్మనీలోని బవేరియాలో చూస్తే ఆలస్యంగా చేర్చినందువల్ల చదువులో లాభం కనపడలేదు. మన దగ్గరైతే ఇంట్లో ఉన్న బిడ్డ అమ్మానాన్నలతో సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోతాడు. గుంటూరు మిరప చేలల్లో నెలల తరబడి ఉండి వస్తే, నేర్చిన నాలుగు అక్షరాలూ అక్కడే పోతాయి.

కాబట్టి బడికి రానివ్వండి, పద్ధతి మార్చండి. "పుస్తకం తీసి, పదహారో పేజీ తిప్పి, మూడో లెక్క చెయ్" అంటే ఆ పిల్లవాడు పుస్తకం తీసి ఆగిపోతాడు. మొండితనం కాదది, మిగతా రెండు మాటలూ నిలవలేదు. ఒక్కొక్కటే చెప్పండి. చేతిలో ఉన్న ఒకటిని పైన చిన్నగా రాసుకోనివ్వండి, అది దొంగతనం కాదు. అంకెలు ఒకదాని కింద ఒకటి నిలవకపోతే గళ్ల నోటుబుక్ ఇవ్వండి. చింతగింజలు ముందు పెట్టండి. "తొందరగా" అనే మాట మానేయండి, వాడి మెదడుకు కాస్త టైం కావాలి. నేను మొదట చెప్పిన పిల్లవాడు ఒకటిని పైన రాసుకోవడం మొదలుపెట్టిన వారంలోనే కూడికలు సరిగ్గా చేశాడు.

కళ్లూ చెవులూ కూడా మరిచిపోకండి. మరీ ముందు పుట్టిన బిడ్డలకు కంటి రెటీనా దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే పుట్టిన నెలలోపే కంటి పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష జరగకుండానే పెరిగినవాళ్లూ ఉంటారు. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వస్తుంది. ఆ రోజు ఈ పిల్లలను వరసలో ముందు నిలబెట్టండి.

అక్కలూ, మీకు ఒక్క పని. డిశ్చార్జి కాగితం మూటల్లో, సుగ్గి ప్రయాణాల్లో పోతుంది. బిడ్డ చేరిన రోజే దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి, ఎన్ని వారాలకు పుట్టాడో, ఎంత బరువున్నాడో మీ రిజిస్టర్‌లో పేరు పక్కన రాయండి. సార్లూ మేడంలూ, ఈ జూన్‌లో అడ్మిషన్లు రాసేటప్పుడు ఆ రెండు అంకెలూ అక్కల దగ్గర అడిగి తీసుకోండి.