కొన్న నాణెం డబ్బాలోకి రాదు: నెల్లూరులో మా వేసవి ఆదివారం

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? టెక్సాస్ నుంచి మేము నెల్లూరు వచ్చి పది రోజులైంది. ఇవాళ ఆదివారం, జూన్ మొదటి వారం. రోహిణి కార్తె ఇంకా పోలేదు. పొద్దున ఏడింటికే మూలాపేటలో మా మేడ మీద కాలు పెడితే చుర్రుమంటోంది. ఇంత ఎండలో ఎందుకు వస్తారని చాలామంది కామెంట్లలో అడుగుతున్నారు. అక్కడ పిల్లల బడికి సెలవులు ఇప్పుడే అండీ. ఇంకో కారణం కూడా ఉంది, అది ఈ వీడియోలో చూపిస్తాను.

ఇదిగో ఈ బిస్కెట్ డబ్బా. మూత తుప్పు పట్టింది, పక్కన సొట్ట ఉంది. ఇందులో మా నలుగురి నాణేలు ఉన్నాయి. నేనూ, మా క్లాసు లీడరూ, ఇంకో ఇద్దరూ ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో మొదలుపెట్టాం. అప్పుడు మా లీడరు ఒక నియమం పెట్టింది. కొన్న నాణెం డబ్బాలోకి రాదు. దొరకాలి, లేదంటే ఎవరైనా చేత్తో ఇవ్వాలి, లేదంటే మార్చుకోవాలి. డబ్బిచ్చి తెస్తే అది మన డబ్బా కాదు, దుకాణం అవుతుందని చెప్పింది. ముప్ఫై ఏళ్లు కావస్తోంది, ఆ మాట ఇప్పటికీ ఎవరం దాటలేదు.

తొమ్మిదింటికల్లా ముగ్గురూ వచ్చేశారు. లీడరు కోవూరు నుంచి వచ్చింది, ఇప్పుడు సోషల్ టీచరు. ఒకామె కందుకూరు కోడలు. ఇంకొకామె నాయుడుపేటలో బ్యాంకు ఉద్యోగం చేస్తుంది. గుమ్మంలోనే మొదలు, "ఏమే, ఎట్టుండావు? ఇట్టా చిక్కిపోయినావేందే!" అని. మావాడిని చూసి, "నాయనా, నువ్వు ఇంత పొడుగైపోయినావా!" అని వాడి బుగ్గలు పట్టుకున్నారు. వాడికి పదకొండేళ్లు. వీడియో కాల్‌లో చూడటమే తప్ప ఈ ముగ్గురు పిన్నులనూ ఒకేసారి కలవడం వాడికి ఇదే మొదటిసారి.

ముందు టిఫిన్. ట్రంక్ రోడ్డు వైపు ఒక చిన్న హోటల్లో నెయ్యి కారం దోశె తిన్నాం. ఎర్ర కారం రాసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి కారిపోయేలా వేస్తారు. మావాడు కళ్లలో నీళ్లు పెట్టుకుని కూడా రెండోది అడిగాడు. నాకు చాలా సంతోషం వేసింది.

ఇంటికొచ్చాక హాల్లో చాప పరిచి డబ్బా బోర్లించాం. ఈ చప్పుడు వినండి ఒకసారి. నాకు వేసవి అంటే ఈ చప్పుడే.

ఒక్కొక్కటీ చూపిస్తాను. ఇది ఒక పైసా, నలుచదరంగా, గోరంత ఉంటుంది. అంచు వంపులు తిరిగి పువ్వులా ఉన్నది రెండు పైసలు. ఆరు పలకలది మూడు పైసలు, ఇది 1964లో వచ్చింది. ఇవన్నీ అల్యూమినియం, అరచేతిలో పెడితే బరువే తెలియదు. ఈ రాగి రంగుది ఇంకా పాతది, దీని మీద "నయా పైసా" అని ఉంది చూడండి. 1957 ఏప్రిల్ 1న అణాల లెక్క పోయి, రూపాయికి వంద పైసల లెక్క వచ్చింది. జనం పాత పైసాతో తికమక పడకుండా కొత్తదానికి "నయా" అని పేరు పెట్టారు. 1964లో ఆ మాట తీసేశారు. ఇది ఖడ్గమృగం బొమ్మ పావలా, మేము బడికి తీసుకెళ్లింది ఇదే. 2011 జూన్ 30తో పావలా, దానికన్నా చిన్నవన్నీ చెల్లుబాటు కాకుండా పోయాయి. ఆ వార్త అమెరికాలో చదివి, వెంటనే అమ్మకు ఫోన్ చేసి డబ్బా ఎక్కడుందో చూడమన్నాను.

ఇవి మాకు ఎలా దొరికాయో చెప్పాలి. పెన్న వంతెన మీద బస్సు వెళ్తుంటే జనం దండం పెట్టుకుని నదిలోకి చిల్లర వేస్తారు కదా. ఎండాకాలం పెన్న ఎండి ఇసుక తేలేది. మగపిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి ఇసుకలో ఈడ్చుకుంటూ తిరిగేవాళ్లు. వాళ్లకు స్టీలు పావలాలు అంటుకుని వచ్చేవి. మా దగ్గర అయస్కాంతం లేదు. మా లీడరు వాళ్లింట్లో పాత పిండి జల్లెడ ఉండేది, దాంతో ఇసుక జల్లించేవాళ్లం. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు. అందుకే వాళ్లు ఈడ్చి వెళ్లిపోయిన చోటే మాకు రెండు పైసలు, మూడు పైసలు దొరికేవి. ఒకసారి ఒక్క పూటలో ఐదు దొరికాయి. ఆ రోజు ఇంటికి పరుగెత్తి వచ్చిన దారి నాకు ఇంకా గుర్తుంది.

ఇది వినగానే మావాడు లేచి ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం బొమ్మ పీక్కొచ్చాడు. ఒక్కో నాణెం పెట్టి చూశాడు. స్టీలు పావలా టక్కున అంటుకుంది. అల్యూమినియం కదల్లేదు. రాగి, నికెల్ కలిపి చేసిన పాత రూపాయి కూడా అంటుకోలేదు. తర్వాత జేబులోంచి తన క్వార్టర్ తీసి పెట్టాడు. అదీ అంటుకోలేదు. వాడి ముఖంలో వెలుగు మీరు చూడాల్సింది. కెమెరా అప్పుడు నా చేతిలో లేదు, క్షమించండి.

క్వార్టర్ సంగతి కొత్తవాళ్ల కోసం చెబుతాను. అమెరికాలో డాలర్‌లో పావు వంతు అది, మన పావలా లాంటిది. నేను వెళ్లిన కొత్తలో మేమున్న అపార్ట్‌మెంట్‌లో బట్టలుతికే మిషన్‌కు క్వార్టర్లే వేయాలి. బ్యాంకుకు వెళ్లి పది డాలర్లిస్తే నలభై క్వార్టర్లు కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లు. మిషన్‌లో వేసే ముందు ఒక్కోటీ తిప్పి చూసేదాన్ని. 1999 నుంచి 2008 దాకా ఏడాదికి ఐదు రాష్ట్రాల చొప్పున, యాభై రాష్ట్రాలకూ వేరువేరు బొమ్మలతో వేశారు. డెలావేర్‌తో మొదలై హవాయితో ముగిసింది. ఆ లాండ్రీ గదిలో ఒంటరిగా కూర్చుని బొమ్మలు చూస్తుంటే మా నలుగురి చాప గుర్తొచ్చేది. మావాడికి ఊహ తెలిసేసరికి ఆ సేకరణ వాడిదైపోయింది. ఒకసారి మొత్తం సెట్టు ఆన్‌లైన్‌లో కొనుక్కుంటానని అడిగాడు. మా లీడరు పెట్టిన నియమం చెప్పాను. అలిగాడు, కానీ ఒప్పుకున్నాడు. ఇప్పుడు వాడి దగ్గర నలభై ఆరున్నాయి, అన్నీ దొరికినవే.

ఈసారి పిన్నుల కోసం తన దగ్గర రెండేసి ఉన్నవి తెచ్చాడు. చాప మీద వరుసగా పెట్టి, "మీకు నచ్చింది తీసుకోండి, బదులు నాకొకటి ఇవ్వాలి" అన్నాడు. కందుకూరు కోడలు చూడగానే విస్కాన్సిన్‌ది పట్టుకుంది, దాని మీద ఆవు తల ఉంటుంది. "మాది ఒంగోలు జాతి ఎద్దులు తిరిగిన నేలరా, ఇది నాకే రావాలి" అంది. నాయుడుపేట ఆమెకు లూసియానాది నచ్చింది. దాని మీద పెలికాన్ ఉంది, మన గూడబాతు. వాళ్లకు దగ్గర్లోనే నేలపట్టు, చలికాలమంతా చెట్ల నిండా గూడబాతులే. చిన్నప్పుడు వాళ్ల నాన్న సైకిల్ మీద తీసుకెళ్లి చూపించిన కథ మావాడికి చెప్పింది. వచ్చే డిసెంబరులో రమ్మని మాట తీసుకుంది.

లీడరు టెక్సాస్ తీసుకుంది, పెద్ద నక్షత్రం ఉన్నది. తర్వాత డబ్బాలోంచి ఒక పావలా తీసి, దాని మీద సంవత్సరం అంకెల కింద చిన్న నక్షత్రం చూపించింది. "ఇది ఉంటే హైదరాబాదులో తయారైనట్టు. వజ్రం గుర్తుంటే బొంబాయి. చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కలకత్తా" అంది. ఇక అంతే, గంటన్నర సేపు భూతద్దం మావాడి చేతిలోంచి దిగలేదు.

టీచరమ్మ కదా, ఒక పెద్ద కథ కూడా చెప్పింది. 1780ల్లో మన నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయట. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్లు, వాటి కింద కుండలో రోమన్ బంగారు నాణేలు! ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలంవి, అంటే క్రీ.శ. 2వ శతాబ్దంవి. ఆ రైతు పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా ముప్ఫైకి పైగా దక్కించుకున్నాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన డేవిడ్సన్ 1787లో ఒక ఉత్తరంలో ఇదంతా రాసి పెట్టాడు. "రోమ్ నుంచి ఇక్కడికా?" అని మావాడు మూడుసార్లు అడిగాడు. సముద్రం మీద వ్యాపారం చేసిన తీరం మనదని చెప్పాను. కరిగిపోయిన నాణేల కోసం వాడు నిజంగా బాధపడ్డాడు. నాకూ అంతే బాధ ఉంది.

ఈలోగా అమ్మ వచ్చి మా మధ్య కూర్చుంది. చీర కొంగులో ఏదో ముడి ఉంది. విప్పితే ఇత్తడి ఇరవై పైసలు, పద్మం బొమ్మది. 1968 నుంచి 1971 దాకా వచ్చిన నాణెం. మా డబ్బాలో ఎప్పుడూ లేనిది ఇదే అండీ. మా అవ్వ దగ్గర ఏడు ఉండేవి. పద్మం ఉంది, పసుపు పచ్చగా మెరుస్తుంది కాబట్టి వాటిని లక్ష్మీదేవి ముందు పెట్టి పూజ చేసేది. నేనెంత ఏడ్చినా ఇవ్వలేదు. "అది ఆడుకునే డబ్బు కాదు తల్లీ" అనేది. అవ్వ పోయి తొమ్మిదేళ్లైంది. అమ్మ ఆ నాణెం నా అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, "ఆరు దేవుడి దగ్గరే ఉన్నాయిలే" అంది. దాని మీద ఇంకా కుంకుమ ఉంది. నేను తుడవలేదు, తుడవను కూడా.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత కందుకూరు ఆమె, "అన్నం పెట్టమ్మా, ఆకలి" అంది.

భోజనం చేపల పులుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. అందుకని వంజరం జోలికి పోకుండా అమ్మ బతికున్న కొరమీను తెప్పించింది. మట్టి దాకలో నిన్న రాత్రే చేసింది. చింతపండు పులుసు మరిగాక ముక్కలు, చివర్లో పచ్చి మామిడికాయ. ఆ తర్వాత గరిటె పెట్టదు, దాకను గుడ్డతో పట్టుకుని తిప్పుతుంది, లేకపోతే ముక్క విరిగిపోతుంది. రాత్రంతా నానితేనే ముక్కకు పులుపు పడుతుంది. మా ఇంట్లో చేసిన పూటే తినడమన్నది లేదు. మొలగొలుకుల అన్నంలో కలుపుకుని నలుగురం ఒకరి కంచంలోది ఒకరం తిన్నాం. తర్వాత తాటి ముంజలు వచ్చాయి, ఫ్యాన్ కింద పడుకుని తిన్నాం. బయట 42 డిగ్రీలని ఫోను చెబుతోంది.

సాయంత్రం నాలుగున్నరకు మైపాడు బయలుదేరాం. ఊరి నుంచి పాతిక కిలోమీటర్లు. ఇందుకూరుపేట దాటాక దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలు, వాటిలో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. మేము చదువుకునే రోజుల్లో ఇందులో చాలా భాగం వరి పొలాలు. తీరంలో పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉన్నాయి, వాటి నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఇక్కడ అలలు గట్టిగా లాగుతాయి అండీ, పిల్లలతో వచ్చేవాళ్లు మోకాలి లోతు దాటనివ్వకండి. మేము గవ్వలు ఏరుకున్నాం. మావాడు ఒక చిన్న శంఖం తీస్తే లోపల పీత ఉంది. "దీనికి ఇల్లు ఇదే" అని మళ్లీ తడి ఇసుకలో పెట్టేశాడు. గోలీ సోడా తాగాం, గూడూరు నిమ్మకాయ పిండి ఇచ్చాడు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. ఏమి మాట్లాడుకున్నామో వీడియోలో పెట్టలేదు, అవి మా నలుగురివి.

రాత్రి భోజనం కోవూరులో, లీడరు వాళ్లింట్లో. దారిలో మలై కాజాలు కట్టించుకుని పెన్న వంతెన ఎక్కాం. పాత ఆనకట్ట దగ్గర 2022లో కొత్త బ్యారేజీ వచ్చింది, నీళ్లు నిలుస్తున్నాయి. అయినా వంతెన కింద ఇసుక మేటలు, మధ్యలో మడుగులు ఇప్పటికీ కనిపిస్తాయి. లీడరు డ్రైవరును అంచున నెమ్మదిగా పోనివ్వమంది. ముగ్గురూ పర్సుల్లోంచి రూపాయి బిళ్లలు తీసి, కళ్లకద్దుకుని వేశారు. నేనూ వేశాను. మావాడు జేబులో చేయి పెట్టాడు, వాడి దగ్గర ఇంకో టెక్సాస్ క్వార్టర్ మిగిలింది. ఒకసారి నా వైపు చూసి, చేయి బాగా బయటికి చాచి విసిరేశాడు. ఇసుకలో పడినట్టుంది, చప్పుడు రాలేదు.

"అమ్మా, అది అయస్కాంతానికి అంటదు కదా" అన్నాడు. "జల్లెడ తెచ్చుకున్నవాళ్లకే దొరుకుతుంది."