లండన్ వలస బస్తీల్లో క్షయ: వ్యాపిస్తున్నది ఎక్కడ, బయటపడుతున్నది ఎక్కడ?

నమస్కారం. ఇంగ్లండ్‌లో ఇటీవలి సంవత్సరాల్లో క్షయ సోకినట్టు నమోదవుతున్న ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఆ దేశం బయట పుట్టినవారే, వారిలో భారతదేశంలో పుట్టినవారి సంఖ్య చాలా ఎక్కువ. ఈ ఒక్క లెక్క చూపి, వలస వచ్చినవాళ్లే నగరమంతా జబ్బు పంచుతున్నారని వాదించేవారు కనిపిస్తారు. ఆ వాదన తప్పు, పైగా ప్రమాదకరం కూడా.

క్షయ క్రిమి ఒంట్లో చేరిన ప్రతివారికీ జబ్బు రాదు. సోకినవారిలో నూటికి ఐదు నుంచి పది మందికి మాత్రమే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు అది వ్యాధిగా మారుతుంది. మిగిలినవారిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండిపోతుంది. గుంటూరులోనో వరంగల్‌లోనో చిన్నతనంలో సోకిన క్రిమి, మధుమేహం వల్లనో మరే కారణం వల్లనో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు, లండన్‌లోని న్యూహామ్ ప్రాంతంలో అద్దెకుంటున్న మనిషిలో మేల్కొనవచ్చు. రోగుల నుంచి తీసిన క్రిముల జన్యుక్రమాలను పోల్చి చూసినప్పుడు, వలసదారులలోని కేసుల్లో ఎక్కువ భాగం ఒకదానితో ఒకటి కలవవు. అంటే వారు పక్కవారి నుంచి కొత్తగా తెచ్చుకున్నది కాదు, పాత ఇన్‌ఫెక్షన్ ఇప్పుడు తిరగబెట్టిందన్నమాట.

ఇక్కడ మరొక సంగతి కూడా చెప్పాలి. దక్షిణాసియా వారిలో చాలామందికి క్షయ ఊపిరితిత్తుల్లో కాక మెడ దగ్గరి లింఫ్ గ్రంథుల వంటి చోట్ల వస్తుంది, అది ఇతరులకు అంటదు. మరోవైపు, 2000 సంవత్సరంలో ఉత్తర లండన్‌లో వైద్యులు గుర్తించిన, ఐసోనియాజిడ్ మందుకు లొంగని క్షయ వ్యాప్తిలో బ్రిటన్‌లోనే పుట్టినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. జైలు జీవితానికీ మాదకద్రవ్యాల వాడకానికీ దానితో సంబంధం ఉన్నట్టు తేలింది.

అయితే వలస ఇళ్లలో అసలు వ్యాప్తే లేదని నేను అనడం లేదు. ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకుని, చలికి కిటికీలు బిగించుకుని పడుకునే చోట, ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గినప్పుడల్లా క్రిములు వారాల తరబడి ఆ గది గాలిలో చేరుతూనే ఉంటాయి. పళ్లెం, గ్లాసు పంచుకోవడం వల్ల ఇది రాదు. మందు మొదలుపెట్టిన సుమారు రెండు వారాలకు సాధారణంగా అంటించే గుణం పోతుంది కాబట్టి, మన చేతిలో ఉన్నదల్లా ఆలస్యాన్ని తగ్గించడమే.

మరి ఆలస్యం ఎందుకు జరుగుతోంది? ఆరు నెలలకు మించిన వీసా కోసం మన పిల్లలు ఇక్కడ, భారతదేశంలోనే, ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని సర్టిఫికెట్ పట్టుకుని వెళతారు, ఇక తమకు టీబీ లేదనే అనుకుంటారు. ఎక్స్‌రేలో నిద్రాణమైన క్రిమి కనపడదు. దాన్ని పట్టే రక్తపరీక్షను, వ్యాధి ఎక్కువగా ఉన్న దేశాల నుంచి కొత్తగా వచ్చిన 16 నుంచి 35 ఏళ్ల వారికి 2015 నుంచి ఇంగ్లండ్‌లోని అనేక ప్రాంతాల్లో అందిస్తున్నారు, కానీ ముందుగా జీపీ (అక్కడి స్థానిక కుటుంబ వైద్యుడు) దగ్గర పేరు నమోదు చేసుకుని ఉండాలి. వీసా హోదా ఏదైనా సరే, క్షయ చికిత్సకు అక్కడ డబ్బు తీసుకోరు. ఈ సంగతి తెలియక, ఉద్యోగం పోతుందనీ ఇంట్లో పెళ్లి సంబంధాలు చెడతాయనీ భయపడి, దగ్గు మందుతో నెలలు నెట్టేవారిని తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

రోగి ఎవరితో కలిసి ఉంటున్నాడని నర్సు అడిగేది, ఆ గదిలోనివారికి కూడా పరీక్ష చేయడానికే. వారిలో నిద్రాణమైన ఇన్‌ఫెక్షన్ కనబడితే, మూడు నెలల పాటు రెండు రకాల మాత్రలు వాడితే అది వ్యాధిగా మారే అవకాశం బాగా తగ్గిపోతుంది.