జన్యువు సరే, ప్రమోటర్ సంగతేమిటి?

సభాధ్యక్షులకు, ఆహ్వానించిన కళాశాల వారికి నమస్కారాలు. వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న ఈ భీమవరంలోనే జన్మించారు కనుక ఏటా ఈ రోజున ఆయనను తలచుకుంటున్నాం. ఆయన కృషిని గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు కాబట్టి, చాలాకాలంగా నా మనసులో ఉన్న విషయానికి నేరుగా వస్తాను.

రోగకారక క్రిమి జన్యువునే శరీరంలోకి ఎక్కించే డీఎన్‌ఏ టీకా గురించో జన్యు చికిత్స గురించో మన పత్రికలు రాసినప్పుడు, ఏ జన్యువు పెట్టారో, ఎవరు తయారు చేశారో రాస్తాయి గానీ, ఆ జన్యువు చేత పని చేయించే ప్రమోటర్ ఏదో రాయవు. కాలువలో నీరెంత ఉన్నా, తూము ఎంత ఎత్తారు, ఎన్నాళ్ళు ఎత్తి ఉంచారు అన్నదాన్ని బట్టే శివారు చేను పండుతుందని డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ప్రమోటర్ అలాంటి తూమే. జన్యువుకు ముందుండే ఆ కొద్దిపాటి డీఎన్‌ఏ భాగం మీద, జన్యువును చదివే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము కుదురుకుంటేనే జన్యువు పని మొదలవుతుంది. ఏ కణంలో, ఎంత, ఎంతకాలం అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

ఎక్కువమంది వాడేది మనుషులకు సోకే సైటోమెగలోవైరస్ నుంచి తీసిన సీఎంవీ ప్రమోటర్. 2021 ఆగస్టులో మన దేశంలో అత్యవసర అనుమతి పొంది, మనుషులకు వచ్చిన తొలి డీఎన్‌ఏ టీకాగా నిలిచిన కోవిడ్ టీకా జైకోవ్-డిలోనూ అదే ఉంది. దాని బలాన్ని కాదనలేము. అయితే రోగనిరోధక స్పందనలో మన కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్‌ఎఫ్ వంటి పదార్థాలు దానిని అణచివేస్తాయి. అంటే టీకా ఏ స్పందనను రేపాలో ఆ స్పందనే దాని నోరు నొక్కుతుంది. కాలం గడిచేకొద్దీ దాని డీఎన్‌ఏకు మిథైల్ గుంపులనే రసాయన ముక్కలు చేరడం వల్ల కూడా అది మూగబోతుంది. టీకాకు కొద్ది వారాలు యాంటిజెన్, అంటే రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే పదార్థం, తయారైతే చాలు కాబట్టి దీనివల్ల పెద్ద నష్టం లేదు. కానీ రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీను ఏళ్ళ తరబడి కావలసిన హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగికి అది ఎలా సరిపోతుంది?

ఒకప్పుడు ఒక పరిశీలక సంఘం ముందు ఈ మాటే అంటే, "సీఎంవీ ఉండగా మరొకటి వెతకడం డబ్బు దండగ" అని ఒక పెద్దమనిషి కొట్టిపారేశారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. అప్పటికే పారిస్‌లో జరిగినది లోకమంతటికీ తెలుసు. పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పిల్లలకు కణం డీఎన్‌ఏలోకే చొరబడే రెట్రోవైరస్ ద్వారా జన్యువును అందించారు, చాలామంది కోలుకున్నారు. కానీ వైరస్ సొంత నియంత్రణ భాగం పక్కనున్న, క్యాన్సర్‌కు దారితీయగల ఎల్‌ఎంఓ2 జన్యువును కూడా రెచ్చగొట్టడంతో కొందరికి రక్త క్యాన్సర్ వచ్చింది. పెట్టిన జన్యువు మంచిదే, దాని వెంట వెళ్ళిన నియంత్రణ భాగం కాదు. తరువాతి ప్రయోగంలో దానిని తొలగించి, ఈఎఫ్1-ఆల్ఫా అనే మానవ జన్యువు ప్రమోటర్‌ను వాడారు.

మన వేలూరు సంగతి కూడా చెప్పాలి. క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు హీమోఫిలియా-ఎ రోగులు అయిదుగురికి వారి రక్త మూలకణాలలోకే జన్యువును చొప్పించి ఇచ్చిన చికిత్స ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి. వారు ఎంచుకున్న సీడీ68 ప్రమోటర్ మోనోసైట్ జాతి తెల్ల రక్తకణాలలోనే గట్టిగా పనిచేస్తుంది. గమనించిన కాలంలో ఆ అయిదుగురిలో ఎవరికీ రక్తస్రావం కాలేదు. అతి బలమైనదానిని కాక, తగిన చోట పనిచేసేదానిని వెతికారు.

సంక్రాంతి ముంగిట భీమవరంలో నిలబడి కోడి మాట ఎత్తకపోతే బాగుండదు. వెన్నెముక కండరాల క్షీణతకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన జన్యు చికిత్సలో, ప్రమోటర్ బలాన్ని పెంచే సీఎంవీ ఎన్‌హాన్సర్ భాగానికి జతగా ఉన్నది కోడి బీటా-యాక్టిన్ ప్రమోటరే. కోడి పందేనికే పనికొస్తుందనుకునేవారు గమనించగలరు!

వెనుక వరుసలలో కూర్చున్న చెరువుల యజమానులారా, ఇక ఇది మీ సంగతి. సాల్మన్ చేపలకు ప్రాణాంతకమైన ఒక వైరస్ వ్యాధికి కెనడా 2005లోనే డీఎన్‌ఏ టీకాను అనుమతించింది, దానిలోనూ సీఎంవీయే. వనామీ రొయ్యకు మనలాగా యాంటీబాడీలు లేవు కాబట్టి దాని లెక్క వేరు. శీలావతి, బొచ్చె మాత్రం యాంటీబాడీలు తయారుచేయగల చేపలు. వాటికి ఎవరైనా టీకా తెస్తామని మీ గట్టు మీదికి వస్తే, మనిషి వైరస్ ప్రమోటర్ వాడారా, కార్ప్ చేప సొంత బీటా-యాక్టిన్ ప్రమోటర్ వాడారా, మన చెరువు నీటి వేడిలో ఏది ఎన్నాళ్ళు పనిచేసిందో కొలిచారా అని అడగండి. కొలిచిన కాగితం చూపించేదాకా పిల్లచేపకు సూది వేయనివ్వకండి.