ఒక పెళ్ళి భోజనం, ఒక నల్లి బొక్క: మాయాబజార్, బలగం వెంటవెంటనే చూస్తే

అందరికీ నమస్తే. ఈ వారం కొత్త రిలీజ్ ఏదీ లేదు. ట్రైలర్లు చూశాను కానీ థియేటర్ వరకు వెళ్ళే హుషారు రాలేదు. ఇంట్లోనే కూర్చుని మాయాబజార్ మళ్ళీ చూశాం, ఆ వెంటనే బలగం. మధ్యలో పెళ్ళిచూపులు కూడా అయింది. ముందే చెప్తున్నా, బలగం కథ కాస్త విప్పక తప్పదు. ఇంకా చూడనివాళ్ళు వీడియో ఇక్కడే ఆపి, చూసి రండి. నేనెక్కడికీ పోను.

ముందు మాయాబజార్. 1957 సినిమా, కె.వి. రెడ్డి డైరెక్షన్, విజయా వాళ్ళ బ్యానర్. "దాని గురించి ఇంకా చెప్పేదేముంది?" అంటారని తెలుసు. మనం క్లాసిక్ అనే మాట అనేసి, దండం పెట్టి పక్కన పెట్టేస్తాం. ఈసారి నేను పురాణం అనుకోకుండా, పక్కింటివాళ్ళ గొడవ అనుకుని చూశాను. నిజంగా అదే కథ. చిన్నప్పుడు "నీ కొడుక్కే మా పిల్ల" అని బలరాముడు వాళ్ళు చెల్లెలు సుభద్రకి మాటిచ్చారు. ఇప్పుడు చెల్లెలి అత్తింటివాళ్ళకి జూదంలో ఆస్తి మొత్తం పోయింది. అంతే, వదినగారి మొహం మారిపోయింది. ఛాయాదేవి చేసిన రేవతి ఏ ఊళ్ళోకి తీసుకెళ్ళి వదిలినా ఇట్టే కలిసిపోతుంది. పాండవుల ఆస్తి గురించి ఇంత కథ నడుస్తుంది, సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. ఎంత ధైర్యం ఉండాలండీ అలా రాయడానికి!

ప్రియదర్శిని సీన్ గుర్తుందా? పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అది కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు, అది మామూలే. రేవతికి నగలు కనిపిస్తాయి. బలరాముడికి దుర్యోధనుడు. చూడండి, ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు, డైలాగులతో క్యారెక్టర్ చెప్పలేదు. ఒక పెట్టె తెరిచి అందరి గుట్టూ బయటపెట్టేశాడు. కృష్ణుడికేమో శకుని కనిపిస్తాడు. ఇప్పుడైతే ఆ నలుగురి గురించి చెప్పడానికి తలా ఒక ఇంట్రడక్షన్ సీన్, తలా ఒక ఫ్లాష్‌బ్యాక్ పెట్టేవాళ్ళు.

ఇక సావిత్రి. మాయా శశిరేఖ అంటే, లోపల ఉన్నది ఘటోత్కచుడు, బయటికి కనిపించేది అమ్మాయి. ఆ సీన్లలో ఆవిడ భుజాలు గమనించండి. చుట్టూ ఎవరైనా ఉన్నంతసేపూ సిగ్గుపడుతూ ఒదిగి ఉంటుంది. ఎవరూ చూడట్లేదు అనుకోగానే భుజాలు విచ్చుకుంటాయి, అడుగు బరువెక్కుతుంది, ఎస్.వి. రంగారావు దిగిపోతాడు. మళ్ళీ చప్పుడైతే చాలు, టక్కున ఆడపిల్ల. అహ నా పెళ్ళంట పాటలో సుశీల గొంతు మధ్యలోంచి ఘంటసాల గొంతు వచ్చేస్తుంది. ఆ గొంతుకి సరిపోయేలా మొహం పెట్టడం మాటలు కాదు. మహానటి అని ఊరికే అన్నారా? అప్పటికి ఆవిడకి ఇరవై ఏళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు.

సాగదీసిన చోట్లు లేవా అంటే, ఉన్నాయి. మాయా విడిదిలోకి మగపెళ్ళివారు దిగాక చిన్నమయ్య బృందం కామెడీ నాకు ఎక్కువైంది. రమణారెడ్డి అంటే ఇష్టమే, అయినా ఎక్కువైంది. మూడు గంటలు దాటిన సినిమా, ఆ మాత్రం అనొచ్చు. ఇంకో మాట, 2010లో రంగులద్దిన ప్రింట్ వచ్చింది కదా, పిల్లలకి అది చూపించండి, తప్పులేదు. మీరు మాత్రం నలుపు తెలుపే చూడండి. లాహిరి లాహిరి పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే పరిచిన వెన్నెల మీద ఇంకో రంగు వెయ్యాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

పెళ్ళిచూపులు గురించి రెండు ముక్కలు. 2016, తరుణ్ భాస్కర్. తప్పుడు ఇంటికి పెళ్ళిచూపులకి వెళ్ళిన అబ్బాయి, ఫుడ్ ట్రక్ పెట్టాలనుకునే అమ్మాయి, గడియ పడిపోయిన గది. ఇప్పటికీ హాయిగా ఉంది. రీతూ వర్మ పాత్ర అప్పటికంటే ఇప్పుడే బాగా నచ్చింది. తండ్రితో మాట్లాడేటప్పుడు ఆ అమ్మాయి గొంతు పెంచదు, లెక్కలు చెప్తుంది. సెకండాఫ్ కొంచెం నీరసం. ప్రియదర్శి ఉన్నాడు కాబట్టి లాగేస్తుంది. అదే ప్రియదర్శి ఏడేళ్ళ తర్వాత బలగంలో హీరో.

బలగం, 2023, వేణు యెల్దండి. అప్పటిదాకా మనకి కమెడియన్‌గానే తెలిసిన మనిషి. సిరిసిల్ల వైపు ఒక పల్లె, కొమురయ్య అనే ముసలాయన. మనవడు సాయిలు అప్పుల్లో ఉన్నాడు. పెళ్ళి కుదిరితే వచ్చే కట్నంతో గట్టెక్కుదాం అని చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే తాత పోతాడు. మనవడికి ఏడుపు కంటే ముందు టెన్షన్ వస్తుంది. సినిమా అక్కడే నన్ను పట్టేసింది. చావు ఇంట్లో ఎవరి లెక్క వాళ్ళది అని మనందరికీ తెలుసు, పైకి అనం.

మూడో రోజు పిట్టకు పెడతారు. కాకి రాదు. వచ్చినా ముట్టదు. ఊరంతా చూస్తోంది. ముసలాయనకి తీరని కోరిక ఏముంది అని తలా ఒకటి అంటారు, ఆయనకి ఇష్టమైనవన్నీ తెచ్చి పెడతారు. ముట్టదు. అక్కడ నేను రిమోట్ పక్కన పెట్టేసి మాయాబజార్ గురించి ఆలోచించాను. అందులో వియ్యాలవారి కోసం వండిన గారెలు, బూరెలు, అరిసెలు పిలవని పేరంటంగా వచ్చిన రంగారావు ఒక్కడే లాగించేస్తాడు, లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లో పడతాయి, మనం పడీపడీ నవ్వుతాం. ఇందులో ఎవరి కోసం వండారో వాడే ముట్టడు. రెండు చోట్లా అసలు తప్పు వంటలో లేదు, వడ్డించే ఇంట్లో ఉంది. మాట తప్పిన ఇల్లు ఒకటి, మాటల్లేని ఇల్లు ఒకటి.

ఆ మాటలు ఎందుకు పోయాయో తెలుసుగా? నల్లి బొక్క. ఎప్పుడో ఒక విందులో అల్లుడు నారాయణకి మూలుగ బొక్క వెయ్యలేదు. దాంతో మాటా మాటా పెరిగి, ఏళ్ళ తరబడి ఆడబిడ్డకి పుట్టిల్లు లేకుండా పోయింది. బయటివాళ్ళకి ఇది జోక్ లాగా ఉంటుంది. మన పెళ్ళిళ్ళలో ఎక్కడ కూర్చోబెట్టారు, ఎవరికి ముందు బొట్టు పెట్టారు, చీర ఎంతలో పెట్టారు అనే దగ్గర ఎన్ని కుటుంబాలు విడిపోయాయో లెక్క తీస్తే నవ్వు ఆగిపోతుంది. మురళీధర్ గౌడ్ ఆ అల్లుడిగా ముక్కు మీద కోపం తప్ప ఇంకేమీ చూపించడు. మూడో రోజు భోజనాల దగ్గర మళ్ళీ అదే బొక్క లొల్లి. భయం వేసింది నాకు, నవ్వు రాలేదు.

నచ్చనివి చెప్పాలి కదా. సాయిలు డబ్బు పిచ్చి నుంచి తాత మీద ప్రేమలోకి మారడం త్వరగా జరిగిపోతుంది, ఇంకో రెండు సీన్లు పడాల్సింది. కావ్యా కల్యాణ్‌రామ్ పాత్రని సరదాగా మొదలుపెట్టి తర్వాత మర్చిపోయారు. భీమ్స్ పాటలు మాత్రం కథ లోపలి నుంచి వచ్చాయి. ఊరు పల్లెటూరు పాటకి కాసర్ల శ్యామ్ నేషనల్ అవార్డు కూడా తీసుకున్నారు. చివర్లో బుడగజంగాల కథ... కొమురమ్మ, మొగిలయ్య దంపతులు ఆ ఇంటి మంచీ చెడూ ఆ ఇంటివాళ్ళ ముందే నిలబడి పాడతారు. వాళ్ళు నటులు కారు, జీవితమంతా అదే పాడుకుంటూ బతికినవాళ్ళు. అందుకే ఆ పది నిమిషాలు రివ్యూ చెయ్యబుద్ధి కాదు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊళ్ళకి ఊళ్ళు కూర్చుని ఈ సినిమా చూశాయి. ఫోన్‌లో ఒక్కరే చూసినవాళ్ళు ఇంకోసారి ఇంట్లో అందరితో చూడండి, వేరేగా ఉంటుంది. పక్కన తోబుట్టువులు ఉంటే ఇంకా మంచిది, కాస్త ఇబ్బందిగా కూడా ఉంటుంది.

రెండిట్లో ఏది గొప్ప అని కింద అడుగుతారని తెలుసు, కాబట్టి చెప్పేస్తున్నా. స్క్రీన్‌ప్లే పరంగా మాయాబజార్‌కి బలగం దరిదాపుల్లోకి రాదు. కానీ చూసిన రాత్రి బాబాయికి ఫోన్ చెయ్యాలనిపించింది మాత్రం బలగం వల్లే. చేశాను, ఎత్తలేదు, పొద్దున్నే తిరిగి చేశాడు. వచ్చే వారం మిస్సమ్మ చూస్తున్నాం. దానికి జోడీగా ఏ కొత్త సినిమా పెడితే బాగుంటుందో మీరు చెప్పండి. ఉంటాను.