గ్రామ సంఘం నెలవారీ సమావేశానికి ఎజెండా తయారీ

నమస్కారం. గ్రామ సంఘం నెలవారీ సమావేశానికి ఎజెండాను ఎలా సిద్ధం చేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. పదిమందో పదిహేనుమందో సభ్యులుండే పొదుపు సంఘంలో హాజరు, పొదుపు, అప్పు కిస్తీల వసూలు అనే వరుస కాగితం లేకపోయినా అలవాటుగా సాగిపోతుంది. గ్రామ సంఘం సంగతి వేరు. ఊళ్లోని పొదుపు సంఘాల ప్రతినిధులందరూ ఒకచోట కూర్చునే ఆ సమావేశంలో బ్యాంకు లింకేజీ (సంఘాలకు బ్యాంకు ఇచ్చే అప్పు), స్త్రీనిధి (మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ), పాత బకాయిలు, మండలం నుంచి వచ్చిన సమాచారం అన్నీ ఒకేసారి చర్చకు వస్తాయి. ఏది ముందో తేల్చుకోకపోతే ప్రకటనలు చదవడంతోనే పొద్దుపోయి, అప్పుకు దరఖాస్తు పెట్టుకున్న సంఘం మరో నెల ఆగవలసి వస్తుంది.

తెరపై ఉన్న ఎజెండా చూడండి. మూడో అంశంగా ‘స్త్రీనిధి’ అని ఒక్క మాటే రాశారు. దీన్ని చదివిన ప్రతినిధికి తాను ఏ పుస్తకం వెంట తెచ్చుకోవాలో, తన సంఘంలో ఏమి అడిగి రావాలో తెలియదు. దాన్నే ఇలా మారుద్దాం: ‘స్త్రీనిధి రుణం కోరిన మూడు సంఘాల పాత కిస్తీల చెల్లింపును పరిశీలించి, ఎవరికి సిఫారసు చేయాలో నిర్ణయించడం. వివరించేవారు: కోశాధికారి. సమయం: 20 నిమిషాలు.’ ఇప్పుడు ఆ మూడు సంఘాల వారూ తమ పుస్తకాలతో వస్తారు. కోశాధికారి కూడా లెక్కలు ముందే సరిచూసుకుంటారు.

ఎజెండా రాయడానికి కూర్చున్నప్పుడు మొదట గత నెల మినిట్స్ పుస్తకం తెరిచి, అమలు కాని తీర్మానాలను ఏరుకోండి. ఆ తర్వాతే కొత్త అంశాలు చేర్చండి. డబ్బుకు సంబంధించిన నిర్ణయాలను హాజరు తీసుకోగానే పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు సగం మంది లేచి వెళ్లిపోతారు. కేవలం తెలియజేయవలసిన విషయాలను చివరికి నెట్టినా నష్టం లేదు. అధికారులు వచ్చిన రోజున ఈ వరుస తారుమారు కావడం మామూలే కనుక, వారికి ఎంత సమయం ఇవ్వగలరో అధ్యక్షురాలు ముందే మాట్లాడుకోవాలి.

బకాయిల అంశం రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఎజెండా కాగితం ఊరంతా తిరుగుతుంది కాబట్టి అందులో సంఘం పేరు, బాకీ మొత్తం వరకే ఉండాలి. కిస్తీ కట్టలేకపోయిన సభ్యురాలి పేరు రాయకండి. ఆమె ఇంట్లో జబ్బు చేసిందో, పంట పోయిందో అన్నది సమావేశంలో ఆ సంఘం ప్రతినిధి చెప్పవలసిన మాట.

ఎజెండా ప్రతినిధులకు కనీసం మూడు రోజుల ముందే చేరితే వారు తమ సంఘంలో అడిగి అభిప్రాయం తీసుకురాగలుగుతారు. సమావేశం ముగిసే ముందు కార్యదర్శి ప్రతి తీర్మానాన్నీ చదివి వినిపించి సంతకాలు తీసుకోవాలి. రుణం కోసం వెళ్లినప్పుడు బ్యాంకువారు తీర్మానం ప్రతిని అడుగుతారు. తేలని అంశం ఉంటే, కావలసిన సమాచారం ఎవరు తేవాలో పేరుతో సహా రాసి, వచ్చే నెల ఎజెండాలో దాన్నే మొదట చేర్చండి.